ఆట అరగంట, పుస్తకం పద్నాలుగు రోజులు: ఒక శాఖా గ్రంథాలయంలో తోలుబొమ్మలాట

గ్రంథాలయ వారోత్సవాలంటే ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఒకటే వరస. తొలిరోజు జ్యోతి ప్రజ్వలన, మధ్యలో వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీ, ఆఖరి రోజు బహుమతులు, శాలువాలు. ఫొటోల్లో పిల్లలు నిండుగా కనబడతారు. 21వ తేదీ పొద్దున తలుపు తీస్తే హాల్లో మళ్లీ పేపరు చదివే పెద్దమనుషులు, పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు.

ఇది రాయలసీమలో ఒక మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం కేసు. అక్కడ వారోత్సవాల్లో ఒక శనివారాన్ని పూర్తిగా తోలుబొమ్మలాటకు ఇచ్చారు. పగలు రెండు బడుల పిల్లలకు చెరో ఆట, రాత్రి ఊరందరికీ ఒక ఆట. సోమవారం వరండాలో కాగితపు బొమ్మల తయారీ. ఏం సాధించాలన్నది ఒకే వాక్యంలో రాసుకున్నారు: ఆట చూసిన ప్రతి పిల్లా తన పేరున కార్డు, చేతిలో ఒక పుస్తకంతో గేటు దాటాలి, ఆ పుస్తకం ఇవ్వడానికి తనే మళ్లీ రావాలి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ వాక్యం చుట్టూనే తిరిగాయి. ఎక్కడ దాన్ని మరిచారో అక్కడే పని చెడింది.

తోలుబొమ్మలాటే ఎందుకంటే, ముందుగా అది దగ్గర్లో దొరికే కళ. ధర్మవరం పక్కన నిమ్మలకుంట నుంచి బృందం గంటన్నరలో ఆ ఊరు చేరుతుంది. 2020లో అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చాక ఆ పల్లె పేరు బడుల్లో టీచర్లకూ తెలిసింది. అంతకంటే పనికొచ్చే కారణం ఇంకొకటి. ఈ ఆటలో పాడే ద్విపదలకు ఆధారం ఎక్కువగా రంగనాథ రామాయణం, అది గ్రంథాలయం బీరువాలో ఉన్న పుస్తకమే. ఈ బొమ్మలాడించే ఆరె కులం కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడుకున్నా, తెర వెనక మాత్రం తెలుగు ద్విపద తడుముకోకుండా పాడతాయి. బీరువాలో అట్ట మాసిన పుస్తకం పిల్లల ముందు పాటై వినిపించడం కంటే మంచి పరిచయం గ్రంథాలయానికి దొరకదు.

రోజు ఎంపిక

వారం రోజుల్లో శనివారం ఎందుకన్నది చిన్న విషయంలా కనబడుతుంది. కానీ సగం పని అక్కడే తేలిపోయింది. శుక్రవారం శాఖా గ్రంథాలయాలకు సెలవు. ఆదివారం బడి లేదు, పైగా కార్తీకమాసం, వనభోజనాలకు పోయిన కుటుంబాలు చీకటి పడ్డాక అలసిపోయి ఇల్లు చేరతాయి, ఆటకు రావు. శనివారమైతే బడులు నడుస్తాయి, మర్నాడు సెలవు కాబట్టి రాత్రి ఆటకు తల్లులు పిల్లల్ని తెస్తారు, బృందం ఒకే రాకపోకలో మూడు ఆటలూ ముగించుకుంటుంది. ఇంకో లాభం లెక్క చూస్తే తెలుస్తుంది. శనివారం ఇచ్చిన పుస్తకం పద్నాలుగు రోజులకు మళ్లీ శనివారమే గడువుకు వస్తుంది. శుక్రవారం గడువు పడితే పిల్ల వచ్చి తాళం చూసి వెళ్లిపోతుంది. ఒకసారి తాళం చూసిన పిల్ల మరోసారి రావడానికి చాలా రోజులు పడుతుంది.

బడుల్లో పెట్టే సమ్మేటివ్ పరీక్షలు నవంబరులో పడే ఏడాదులుంటాయి. అందుకని ఎంఈవో (మండల విద్యాధికారి) కార్యాలయంలో ఆ నెల పరీక్షల పట్టిక చూడకుండా బృందానికి తేదీ ఖాయం చెయ్యకూడదు. ఈ కేసులో అక్టోబరు మొదటి వారంలోనే అడిగారు. దసరా సెలవుల తర్వాత అడిగితే హెచ్‌ఎంలకు సిలబస్ తప్ప మరో మాట చెవికెక్కదు.

హాలు కొలత, జట్టు లెక్క

ఒక బడి హెచ్‌ఎం గారు ఆరు నుంచి ఎనిమిది దాకా నూట ఎనభై మందినీ ఒకేసారి పంపుతామన్నారు. ఎక్కువమంది చూస్తారు కదా అన్నది ఆయన మాట. ఒప్పుకోకపోవడానికి టేపు చాలు.

బీరువాలు పోను హాలు లోపలి కొలత 36 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. తెర వెనక 12 అడుగుల లోతు కావాలి. బొమ్మల పెట్టె, హార్మోనియం, మృదంగం, ఆడించేవాళ్లు పక్కపక్కన తిరగడానికి చోటు, తర్వాత పిల్లలు లోపలికొచ్చి నిలబడడానికి చోటు, అన్నీ అందులోనే. మిగిలింది 24 అడుగులు. తెరకూ మొదటి వరసకూ మధ్య 5 అడుగులు వదిలితే 19. ఒక పక్క 3 అడుగుల దారి తీసేస్తే 19 ఇంటూ 17, అంటే 323 చదరపు అడుగులు. జంపఖానా మీద బాసింపట్టు వేసుక్కూర్చునే పిల్లకు 5 చదరపు అడుగులు పెట్టుకుంటే 64 మంది పడతారు. కాబట్టి జట్టు అరవై. ఇరవై మందికి ఒక టీచరు, ముగ్గురూ దారి పక్కన కుర్చీల్లో.

నూట ఎనభై మందిని కూర్చోబెట్టాలంటే ఆరుబయట వెయ్యాలి. పగలు ఆరుబయట నీడల ఆట లేదు. అంతేకాదు, నూట ఎనభై మందికి పుస్తకాలివ్వడం ఒక లైబ్రేరియన్ వల్ల కాదు. మిగతా తరగతులకు రాత్రి ఆట ఉందని చెప్పి పంపారు.

చీకటి, తెర, వెలుతురు

పగటి ఆటకు మొదటి శత్రువు కిటికీ కాదు, వెంటిలేటరు. కిటికీలు ఎలాగూ మూస్తారు. పైన రెండడుగుల గాజు పలకల సంగతి ఎవరికీ గుర్తుండదు. పొద్దున తొమ్మిదిన్నరకు తూర్పు వెంటిలేటరు నుంచి ఎండ ఏటవాలుగా హాల్లోకి దిగుతుంది. తెర పడమటి గోడ దగ్గర కడితే ఆ ఎండ సరిగ్గా తెర ముందువైపు పడుతుంది. ముందునుంచి వెలుతురు పడిన తెర మీద వెనకనుంచి ఎంత దీపం పెట్టినా రంగులు వెలిసిపోయినట్టే ఉంటాయి. అందుకని తెరను తూర్పు వైపుకి మార్చి, దాని వెనక వెంటిలేటర్లను అట్టతో మూశారు.

మొదట పాత దినపత్రికలు రెండు పొరలు అంటిద్దామనుకున్నారు. గ్రంథాలయంలో వాటికి కరువా? అయితే అంటించిన కాగితం మధ్యలో తీయలేరు. అరవై మంది ముప్పావు గంట మూసిన గదిలో కూర్చున్నాక గాలి ఆడించకుండా రెండో జట్టును తేకూడదు. అట్టపెట్టెలు విప్పి, కిటికీ చట్రానికి సరిగ్గా కోసి, కమ్మీలకు పురికొసతో కట్టారు. రెండు జట్ల మధ్య పావుగంటలో ముడి లాగి తీశారు, మళ్లీ పెట్టారు. కిటికీకి ఒకరు చొప్పున నలుగురు ఉంటేనే ఇది పావుగంటలో అవుతుంది.

తెర పాత పద్ధతే. ఎనిమిది మూరల నూలు పంచెలు రెండు, ఒకదాని కింద ఒకటి, మూడంగుళాలు కలిపి తుమ్మముళ్లతో గుచ్చుతారు. పైనా కిందా వెదురుకు చుట్టగా మిగిలేది పన్నెండడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు. కింది వెదురు నేల నుంచి రెండడుగుల పైన ఉండాలి, లేకపోతే మూడో వరస పిల్లకు ముందు తలకాయలే కనబడతాయి. పై అంచు పిల్లల వైపుకి ఒక జానెడు వాలాలి. అప్పుడు బొమ్మ తన బరువుతో తెరకు ఆనుకుని నిలుస్తుంది, చెయ్యి తీసినా జారదు. పాలియెస్టర్ పంచెలు వద్దు. వాటిలోంచి బల్బు గుడ్లురిమినట్టు కనబడుతుంది. నూలు వెలుతురును పరుస్తుంది. గంజి పెట్టిన పంచె కూడా వద్దు, మడత గీత ఆటంతా తెర మీదే ఉంటుంది.

వెలుతురు దగ్గర ఒక తప్పు జరిగింది, దిద్దుకున్నారు. సౌండు సిస్టం అద్దెకిచ్చిన కుర్రాడు తెచ్చిన తెల్లటి ఎల్‌ఈడీ ఫోకస్ లైటును ఆటకు ముందు వెలిగించి చూస్తే హనుమంతుడి ఎరుపు గోధుమరంగులోకి పోయింది. బొమ్మ తెరకు ఆనినంతసేపు బాగానే ఉంది, చెయ్యి రెండంగుళాలు ఎత్తగానే ఒకే చేతికి నాలుగైదు అంచులు కనబడ్డాయి. ఆ లైటులో వెలుగు ఒక్కచోటు నుంచి రాదు, పదుల చుక్కల నుంచి వస్తుంది, ప్రతి చుక్కా తన నీడ తను వేస్తుంది. చల్లటి తెలుపులో ఎరుపు సరిగా పలకకపోవడం చౌక ఎల్‌ఈడీలన్నింటికీ ఉన్న జబ్బే. దాన్ని పక్కన పెట్టి పసుపు వెలుగిచ్చే మామూలు బల్బులు మూడు తెచ్చారు. పెట్టె మీద వెలుగు రంగు 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉన్నవి తీసుకోవాలి. వాటిని నాలుగేసి అడుగుల ఎడంలో, తెర పై అంచుకు సమంగా, తెరకు మూడడుగుల వెనక వేలాడదీశారు. ఆడించేవాళ్ల తలలు బల్బులకు కిందుగా ఉంటాయి కాబట్టి వాళ్ల నీడ తెర మీద పడదు.

కొందరు 500 వాట్ల హాలోజన్ పెడతారు. వెలుగు బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనలేం. కానీ మేకతోలు ఆ వేడికి అంచులు ముడుచుకుంటుంది, కరెంటు పోతే గ్రంథాలయం ఇన్వర్టరు దాన్ని మోయలేదు, తర్వాత తెర వెనక్కి వచ్చే ఇరవై మంది పిల్లల్లో ఒకరు చెయ్యి పెట్టకుండా చూడటం ఎవరి తరం?

సీలింగ్ ఫ్యాన్ల మాట ముందు ఎవరికీ తట్టలేదు. మొదటి ఆటలో తెరకు దగ్గరున్న ఫ్యాను తిరుగుతుంటే పంచె గాలికి పొంగింది. పొంగినప్పుడల్లా బొమ్మకూ తెరకూ మధ్య సందు వచ్చి సీతమ్మ మొహం మసకబారింది. ఆ ఫ్యాను ఆపి, కింది వెదురు రెండు చివర్లా ఇటుకలు కట్టాక సర్దుకుంది. వెనక వరసల ఫ్యాన్లు తిరగనివ్వచ్చు.

ఆ రోజు పొద్దుట్నుంచి ముసురు. తోలుబొమ్మకు చెమ్మ పడదు. పెట్టెలోంచి తీసిన రావణుడు మధ్య బద్దకు అటూ ఇటూ తువ్వాలులా వేలాడాడు. బృందం గంట ముందే వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆటకు కావలసిన బొమ్మలు మాత్రం తీసి, బల్లల మీద చదునుగా పరచి, బల్బుల వేడికి అడుగున్నర దూరంలో అటూ ఇటూ తిప్పారు. ఇస్త్రీపెట్టె తెమ్మని ఒకరు సలహా ఇచ్చారు. ఆ సలహా పాటిస్తే బొమ్మ పోయినట్టే, తోలు వేడి ఇనుము తగలగానే ముడుచుకుపోతుంది. నవంబరులో కార్యక్రమం పెట్టుకునేవాళ్లు బృందాన్ని ఆట సమయానికి కాక కనీసం గంటన్నర ముందుకు పిలవాలి.

కథ, కేతిగాడు

రాత్రంతా ఆడే సుందరకాండను ముప్పై అయిదు నిమిషాలకు కుదించమంటే ఏ బృందమైనా ముందు నవ్వుతుంది. ఏది తీసెయ్యాలో వాళ్లకే వదిలెయ్యడం మంచిది. నిర్వాహకులు చెప్పాల్సింది రెండే: ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు. ఇక్కడ లంకలో హనుమంతుడు అడుగుపెట్టడం దగ్గర మొదలుపెట్టి, తోక నిప్పుతో లంక కాలడం దగ్గర ఆపారు. రావణుడి బొమ్మ నిలువెత్తుది, అది తెర మీదకు రాగానే ముందు వరస వెనక్కి జరిగింది. ఆ అయిదడుగుల ఖాళీ అందుకూ పనికొచ్చింది.

ఆట మధ్యలో వచ్చి నవ్వించే జంట కేతిగాడు, బంగారక్కల సంగతి ముందే మాట్లాడుకోవాలి. వాళ్ల సరసం పెద్దల కోసం పుట్టింది, ఆరో తరగతి పిల్లల ముందు పనికిరాదు. అలాగని వాళ్లను తీసెయ్యమనడం పొరపాటు. పద్యాల మధ్య వాళ్లు రాకపోతే పదో నిమిషానికి వెనక వరసలో గిల్లుకోవడాలు మొదలవుతాయి. బృందం పెద్దాయనకు గ్రంథాలయం పద్ధతులు నాలుగు మాటల్లో చెబితే ఆయన అప్పటికప్పుడు అల్లిన సరుకు ఇది:

‘ఏరా కేతిగా, ఆ సంకలో ఏందిరా?’

‘పుస్తకమక్కా. గ్రంథాలయం సారు ఇచ్చినాడు. పద్నాలుగు దినాలకు తెచ్చియ్యమన్నాడు.’

‘ఇప్పటికి ఎన్ని దినాలైందిరా?’

‘నాకు లెక్కలు రావు కదక్కా! లెక్కల పుస్తకం తెచ్చుకుందామనే మళ్లా పోతాండా.’

‘ఈ పుస్తకం ఇయ్యకుండా ఇంకోటి ఎట్ల ఇస్తారురా? పిల్లోళ్లనడుగు, ఎన్ని దినాలో చెప్తారు.’

‘పద్నాలుగు!’ అని హాలంతా అరిచింది. గోడ మీద నిబంధనల బోర్డు ఏళ్లుగా ఉంది, అయినా దాన్ని చదివినవాళ్లు లేరు.

ఆట తర్వాత అరగంట

ఇక్కడే ఈ కార్యక్రమం మామూలు ప్రదర్శన నుంచి విడిపోయింది. తెర దించగానే పిల్లలను వరసగా బయటికి పంపెయ్యలేదు. అరవై మందినీ ఇరవై చొప్పున మూడు గుంపులు చేశారు. బడి దగ్గరే మణికట్టుకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారం కట్టి పంపమన్నారు కాబట్టి లోపల గొడవ లేదు. మూడు చోట్లు, ఒక్కోచోట తొమ్మిది నిమిషాలు, మారడానికి రెండు నిమిషాలు.

ఒకటి, తెర వెనక. బొమ్మను దీపానికి అడ్డంగా పట్టుకుని చూడటం, ఆ చుక్కచుక్క రంధ్రాలు ఉలితో కొట్టినవని తెలియడం, భుజం దగ్గర తాడు ముడి, నడుమన బద్ద. ఒక బొమ్మను పిల్లల చేతికిచ్చారు, మిగతావి చూడటానికే. గజ్జెలు, కాలి కింద తొక్కే చెక్క పిల్లలకు మహా ఇష్టం, యుద్ధంలో విన్న ఆ ఫటఫటలు ఎక్కడివో అప్పుడు తెలుస్తుంది. హాలు నేల సిమెంటు కాబట్టి మూడడుగుల పలక ఒకటి అడుగున వేయించారు. అది లేకపోతే తొక్కుడు శబ్దం బయటికి పలకదు.

రెండు, టార్చి మూల. గోడ, టార్చి, అట్టతో కోసిన నాలుగు ఆకారాలు. దీపానికి దగ్గరైతే నీడ ఎందుకు పెరుగుతుందో పిల్లలే చేసి చూస్తారు. సైన్సు టీచరు ఉంటే చాలు.

మూడు, పుస్తకాల బల్ల. అసలు పని ఇదే, ఇరుకు కూడా ఇక్కడే. మామూలుగా లైబ్రేరియన్ ఒక పుస్తకం రాసి ఇవ్వడానికి నిమిషం పైనే పడుతుంది: నంబరు, పేరు, సభ్యుడి సంఖ్య, తేదీ ముద్ర. ఇరవై మందికి తొమ్మిది నిమిషాల్లో అది సాగదు. అందుకని ముందురోజే తొంభై పుస్తకాలు తీసి, వాటి నంబర్లు, పేర్లు ఒక తావులో వరసగా రాసి, గడువు తేదీ ముద్ర ముందే వేసి ఉంచారు. బల్ల దగ్గర రాయాల్సింది నంబరు పక్కన పిల్ల పేరొక్కటే, అరనిమిషం పని. రెండు బల్లలు, ఒకదాని దగ్గర లైబ్రేరియన్, ఇంకోదాని దగ్గర డిగ్రీ చదివే వలంటీరు. రిజిస్టరులోకి ఎక్కించడం సాయంత్రం.

తొంభై ఎందుకంటే ఆఖరి పిల్లకు కూడా ఎంచుకోవడానికి ముప్పై మిగలాలి. అరవై మందికి అరవై పెడితే చివరి పదిమందికి ఎవరూ వద్దన్నవే దక్కుతాయి, ఆ పిల్లలు మళ్లీ రారు. రెండో జట్టుకు మరో అరవై పెట్టి, మిగిలిన ముప్పైతో కలిపారు. పుస్తకాలు వీపులు కాక అట్టలు కనబడేలా పరచాలి. పిల్లల రామాయణాలు, పంచతంత్రం మాత్రమే పెట్టలేదు. మేకల మీద, నీడల మీద, అడవి మీద ఉన్నవీ, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థలు వేసిన పలచటి బొమ్మల పుస్తకాలూ ఉన్నాయి. ఆరో తరగతిలో కూడా కూడబలుక్కుని చదివేవాళ్లుంటారు. పలచటి పుస్తకం బల్ల మీద లేకపోతే ఆ పిల్లలు లావు పుస్తకం తీసుకుని, విప్పకుండానే తిప్పి ఇస్తారు.

సభ్యత్వం ఫారాలు పదిరోజుల ముందే బడికి పంపాలి. ఇంట్లో పెద్దవాళ్ల సంతకంతో వెనక్కి రావడానికి వారం, కార్డులు రాయడానికి రెండు రోజులు. ఆటరోజు ఫారాలు పంచితే అవి తిరిగిరావు. డిపాజిట్ సొమ్ము చిన్నదే, అయినా ఇంటికి రెండు మూడు ఫారాలు పోతే తల్లి ఆలోచిస్తుంది. శాలువాలు, మైకులకు చందా ఇస్తామన్న వ్యాపారులను ఆ డబ్బు డిపాజిట్లకు అడిగారు. రసీదు మాత్రం పిల్ల పేరునే ఉండాలి, దాత పేరున కాదు. డిపాజిట్ ఎప్పటికైనా వెనక్కి వచ్చే సొమ్ము, తర్వాత చిక్కులొస్తాయి.

వేళ తప్పిన చోటు

అనుకున్న వేళలు ఇవి. మొదటి జట్టు 9.30కి లోపల, 9.40 నుంచి 10.15 దాకా ఆట, 10.50కి బయట. రెండో జట్టు 11.05కి లోపల, 12.25కి బయట. రెండో జట్టుగా దగ్గరి బడిని పెట్టారు, ఎందుకంటే ఆ పిల్లలు అయిదు నిమిషాల్లో నడిచి 12.40 భోజనం గంటకు అందుకోవాలి. దూరపు బడి పొద్దున్నే వచ్చింది. మరుగుదొడ్డి పనులు బడిలోనే ముగించుకుని రమ్మని చెప్పారు. చాలా శాఖా గ్రంథాలయాల్లో అరవై మందికి సరిపడే సదుపాయం ఉండదు, ఆ సంగతి దాచి లాభం లేదు.

జరిగింది వేరు. ప్రారంభోత్సవానికి పిలిచిన అతిథి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆ ఇరవై నిమిషాలూ ఆటలోంచి కోయలేరు, కథ తెగుతుంది. కాబట్టి ఆట తర్వాతి అరగంటలోంచి పోయాయి. తొమ్మిది నిమిషాలకు మూడే మిగిలాయి. మొదటి జట్టు తెర వెనక ఒక్క చుట్టు తిరిగింది, పుస్తకాల బల్ల దగ్గర చేతికందింది తీసుకుని వెళ్లింది. రెండో జట్టుకు పూర్తి సమయం దొరికింది. పిల్లలు అక్కడక్కడే కూర్చుని మొదటి పేజీ చదివి, వద్దనుకుంటే మార్చుకున్నారు. ఒకే ఆట, ఒకే బల్ల, అయినా రెండు వారాల తర్వాత తేడా రిజిస్టరులో కనబడింది. అతిథులను ఇకమీదట రాత్రి ఆటకు పిలవాలని తీర్మానించారు. అక్కడ ఆలస్యమైతే హార్మోనియం కాసేపు వాయిస్తుంది, ఎవరికీ నష్టం లేదు.

రాత్రి ఆట

ముసురు వల్ల ఆవరణలో కాకుండా పక్కనున్న పంచాయతీ రేకుల షెడ్డు కింద పెట్టారు. ఈ రెండో చోటు ముందే అడిగి ఉంచుకోవడం వల్ల సాయంత్రం నాలుగుకు నిర్ణయం మార్చగలిగారు. నవంబరులో అయిదున్నర దాటగానే పొద్దు వాలుతుంది, ఆరున్నరకు ఆటకు సరిపడా చీకటి. నిడివి గంటంబావు. మైకుకు పోలీసు అనుమతి తీసుకున్నారు, రాత్రి పదికి ముందే ముగించాలి. స్పీకరు పెట్టెలు తెరకు రెండు పక్కలా, తెర కంటే ముందుకు ఉండాలి. వెనక్కి జరిగితే పాడేవాళ్ల మైకులోకి శబ్దం తిరిగివెళ్లి కూత పెడుతుంది.

రేకుల షెడ్డుకి వీధిలైటు అడ్డం వచ్చింది. లైన్‌మన్‌కు ముందే చెప్పి ఆ ఒక్క స్తంభం ఫ్యూజు తీయించారు. పగలు పుస్తకం తీసుకున్న పిల్లలు కొందరు అమ్మల్ని, అవ్వల్ని వెంటబెట్టుకుని వచ్చి, కేతిగాడి మాటలు ఒక్క ముక్క ముందే చెప్పేస్తున్నారు. కేతిగాడు కూడా రాత్రి కొంచెం చొరవ తీసుకున్నాడు. పెద్దవాళ్లు నవ్వుకున్నారు, పిల్లలకు అర్థం కాలేదు. అంతవరకు ఫరవాలేదు.

సోమవారం కాగితపు బొమ్మలు

ఇది ముప్పై మందికే పెట్టారు, డ్రాయింగు మాస్టరు ఆధ్వర్యంలో, వరండాలో. హాల్లో ఎందుకు వద్దంటే ఇందులో నూనె ఉంది. అలాగే తెర వెనక చూడటం ముందు, ఈ పని తర్వాత, ఎప్పుడూ ఆ వరసే. నూనె చేతులతో తోలుబొమ్మను గాని పుస్తకాన్ని గాని తాకనివ్వకూడదు.

మామూలు ఏ4 తెల్లకాగితం మీద బొమ్మను ఒళ్లు, చెయ్యి విడివిడిగా గీసి, స్కెచ్ పెన్నులతో రెండువైపులా రంగు వెయ్యాలి. కత్తిరించాలి. కీలు పడే చోట, అంచు నుంచి అరంగుళం లోపలికి, చిన్న సెల్లోటేపు ముక్క అంటించి రంధ్రం చెయ్యాలి. ఆ తర్వాతే నూనె. వరస తప్పితే పని చెడుతుంది: నూనె రాశాక స్కెచ్ పెన్ను పట్టదు, సెల్లోటేపు అంటదు. మొదటి పదిమందిలో ఇద్దరు టేపు మరిచారు, దారం లాగగానే భుజం చిరిగింది.

దూదితో పలచగా నూనె రుద్దితే కాగితం తేటపడి వెలుతురు లోపలినుంచి వస్తుంది. తోలును తేటపరిచి రంగులు వేసే నిజమైన బొమ్మకు ఇది పేదింటి చుట్టం. ముప్పై కాగితాలకు వంద మిల్లీలీటర్లు సరిపోతుంది. కొబ్బరినూనె చలిపొద్దున గడ్డకడుతుంది, వేరుశనగనూనె తెచ్చుకోవడం మేలు. రాశాక పాత పేపర్ల మధ్య పావుగంట ఒత్తి ఉంచాలి. నగల చుక్కలకు ఎనిమిదో తరగతి పిల్లలు పాత రబ్బరు చెప్పు మీద పెట్టి గోనెసూదితో పొడిచారు, చిన్నవాళ్లకు ఆఫీసు పంచింగ్ మిషనే. నిలువు బద్దకు పద్దెనిమిది అంగుళాల వెదురు పుల్ల, చేతికి చీపురు ఈనెలు రెండు కలిపి. ఒక్క ఈనె వంగిపోతుంది. కీలుకు దారం రెండువైపులా ముడి, కాస్త వదులుగా. బిగిస్తే చెయ్యి కదలదు.

డబ్బు సంగతి

గ్రంథాలయానికి ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల సెస్సు వస్తుందని అందరూ చెబుతారు. అది స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరి, శాఖకు వచ్చేసరికి వారోత్సవాల పద్దు కింద మిగిలేది స్వల్పం. బృందం పారితోషికం అందులోంచి పెడితే బిల్లు పాసయ్యేదాకా కళాకారులు ఆగాలి. వాళ్లు బండి కిరాయి ఆ రోజే కట్టాలి. అందుకని బండి కిరాయి, భోజనం, సగం పారితోషికం దాతల నుంచి ఆ రోజే చేతికి ఇచ్చి, మిగతా సగానికే బిల్లు పెట్టారు. బ్యాంకు పాసుపుస్తకం నకలు, రసీదు మీద పేరు ఒకటే ఉన్నాయా అని ముందే చూడాలి. బృందం పెద్ద పేరున రసీదు, కొడుకు పేరున ఖాతా ఉంటే బిల్లు వెనక్కి వస్తుంది.

గడువు శనివారం

ఆ శనివారం సాయంత్రం వరండాలో కాగితపు బొమ్మలకు చిన్న తెర కట్టారు, పాత దుప్పటి, ఒక బల్బు. పుస్తకం తిప్పి ఇచ్చినవాళ్లు పది నిమిషాలు తమ బొమ్మ ఆడించుకోవచ్చు. రిజిస్టరులో ‘తిరిగి వచ్చింది’ గడి పక్కన ఎర్ర సిరాతో ఇంకో గడి గీశారు: రెండో పుస్తకం తీసుకున్నారా, లేదా. లెక్క చూడాల్సింది ఆ గడిలోనే. తిరిగొచ్చిన పుస్తకం టీచరు పోగుచేసి పంపినదీ కావచ్చు, రెండోది మాత్రం పిల్ల వచ్చి తీసుకుంటేనే పడుతుంది. పేరుపేరునా చూస్తే ఎర్ర గడి ఎక్కువ నిండింది పొద్దు చాలని మొదటి జట్టులో కాదు, తీరిగ్గా పుస్తకం ఎంచుకున్న రెండో జట్టులో. దగ్గరి బడి కావడం కూడా అందుకు కొంత కారణం.

రాని పుస్తకాలకు సోమవారం బడికి చీటీ పోయింది, జరిమానా మాట లేకుండా, పుస్తకం పేరు, పిల్ల పేరు మాత్రమే. అట్ట చిరిగిన వాటిని బల్ల దగ్గర అందరి ముందూ ఎత్తి చూపకుండా, తీసుకుని కింద అరలో పెట్టి, అతికించే పని డిసెంబరు మొదటి వారానికి వాయిదా వేశారు.